నాలుగో పాటకు ముందు

పోర్ట్ కెంబ్లాలో వాన వెలిస్తే
గాలికి ఇనుము వాసన వస్తుంది.
కార్లకు సొట్టలు తీసే బ్రైడీ వాళ్ల పిన్ని షెడ్డు
సాయంత్రం ఆరు దాటితే మాది.
గోడలకు పాత పరుపులు కట్టాం.
ఒకదాని మీద ఎవరి బిడ్డో పక్క తడిపిన మరక.
ఆల్బమ్ అయ్యేదాకా మిక్సర్ ముందు కూర్చుని
నేను చూసిన దృశ్యం అదే.

తామ్సిన్ పగలంతా దంతవైద్యుడి దగ్గర ఫోనెత్తుతుంది,
నొప్పి ఏ వైపండీ, అని వెన్నపూస గొంతుతో.
రాత్రికి అదే గొంతు
గొలుసు తెగి జారిన ఇనుప షట్టరు.
అరవడం కూడా ఒక విద్యేనని ఆమెను చూశాకే తెలిసింది.
గొంతుతో కాదు, పొత్తికడుపుతో.
మధ్యమధ్య ఫ్లాస్కులో గోరువెచ్చటి నీళ్లు
గుక్క గుక్కా మందులా.

బ్రైడీ ఏడు దెబ్బల వరస ఒకటి కట్టింది,
ఎవరికీ లెక్క కుదరలేదు.
తకిట తకధిమి, అన్నాను నేను,
చిన్నప్పుడు ఆదివారాలు కమ్యూనిటీ హాల్లో
ఏడుస్తూ నేర్చిన మృదంగం పుణ్యమా అని.
ఆ రాత్రి నుంచి అందరూ తకిట తకధిమి,
మెడలో గిటార్లు, నోట్లో పిజ్జా.
జ్లాట్కో మాత్రం తకిటా అని దీర్ఘం తీసేవాడు.
ఎన్నిసార్లు దిద్దినా అంతే.

ఆల్బమ్ పేరు స్లాగ్.
ఇనుము కరిగితే పైకి తేలే చిట్టెం.
జ్లాట్కో తండ్రి ముప్పై ఏళ్లు కొలిమి దగ్గర
దాన్ని పక్కకు తోశాడు.
పారేసేదాని పేరు పెట్టుకుంటారా ఎవరైనా, అన్నాడు.
అట్ట మీది ఫోటోకు తన పాత హెల్మెట్టు ఇచ్చాడు.

విడుదల శుక్రవారం అర్ధరాత్రి.
తెల్లారేసరికి విన్నవాళ్లు నూట నలభై,
అందులో డజను మేమే.
ఉత్త మోత, అని ఒకాయన సమీక్ష రాస్తే
తామ్సిన్ ఆ రెండు ముక్కలూ పోస్టరు మీద వేయించింది.

టూరు ఇంకా తొమ్మిది రోజులుందనగా
జ్లాట్కో వ్యాను తాళాలు నా చేతిలో పెట్టాడు.
మిక్సింగు మధ్యలో పుట్టింది పాప.
తండ్రి నడిచిన గేటులోంచే రాత్రి షిఫ్టు.
ఎవరూ తిట్టలేదు. అదే బాగోలేదు.
బ్రైడీ డ్రమ్ములు బిగిస్తూ కూర్చుంది,
బిగించాల్సిందేం లేకపోయినా.

కొత్తవాణ్ణి వెతికే వ్యవధి లేదు.
అతని గిటారు లాప్‌టాప్‌లో ఉంది.
ఆల్బరీలో, బల్లరాట్‌లో, అడిలైడ్‌లో
రోజూ తొమ్మిదిన్నరకు నేను బటన్ నొక్కితే
అతను వాయించేవాడు.
స్టేజీ ఎడమ పక్క అడుగున్నర ఖాళీ,
ఎంత ఇరుకైనా అక్కడ ఎవరూ కాలు పెట్టలేదు.

నాలుగో పాటకు ముందు
తీగ మీద వేలు పడబోతుండగా
అతను ఊపిరి తీసుకున్న చప్పుడు ఒకటుంది.
కోసెయ్యాల్సింది. కోయలేదు.
మొదట బద్ధకం. తర్వాతిదానికి పేరు వెతకలేదు.
సెడూనాలో పదకొండు మంది ముందు,
అందులో ఇద్దరు బిలియర్డ్స్ ఆపకుండానే,
ఆ ఊపిరి గదంతై వచ్చింది.
దాన్ని పట్టుకునే తామ్సిన్ పాట ఎత్తుకునేది.

నలర్బోర్ మైదానంలో చెట్టు లేదు, మలుపు లేదు.
బ్రైడీ స్టీరింగు మీద వేళ్లతో
తకిటా తకధిమి అంది, దీర్ఘం తీసి.
ఎవరూ దిద్దలేదు.

చివరి షో మా ఊళ్లోనే.
వెనక తలుపు పక్కన పని బూట్లతో జ్లాట్కో.
గుండెకు కట్టుకున్న పాప చెవులకు
తలకంటే పెద్ద గులాబీ రంగు మూతలు.
బటన్ మీద వేలుంచి అతనివైపు చూశాను.
నొక్కాను.
తన ఊపిరి తనకు వినబడ్డప్పుడు
అతను ఊపిరి తీసుకోవడం మరిచాడు.
పాప నిద్రలోనే ఉంది.

తర్వాత టీషర్టుల బల్ల దగ్గర
వద్దన్నా ముప్పై అయిదు డాలర్లూ లెక్కపెట్టి ఇచ్చాడు.
మీడియం అడిగి, లార్జ్ తీసుకున్నాడు.
ఆ నాలుగోది, కాస్త తొందరపడ్డాను కదూ, అన్నాడు.
లేదన్నాను.

తొందరపడ్డాడు, ఒక్క పిసరు.
ముప్పై రెండు రాత్రులు
అందరూ ఆ పిసరు వెనకే పరుగెత్తారు.